ఏ ఊరిదీ కాని వంతెన

"శవాన్ని అడ్డం పెట్టుకోని ఊరిని ఆపినోడు." మొగలితిప్పలో ఇప్పుడు దామోదరానికి ఇదే పేరు. పాయకు ఇవతలున్న కారిపాకంలోనూ ఇదే. ఏ విషయంలోనూ ఒక మాట మీద నిలబడని ఈ రెండూళ్లు ఈ ఒక్క మాట దగ్గర మాత్రం భలే కలిసిపోయాయి. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, వంతెన మీద. ఒడ్డున నిలబడి చూసినవాళ్లంతా కథలు చెబుతుంటే మధ్యలో ఉన్నదాన్ని నేనెందుకు నోరు మూసుకోవాలి?

నా పేరు పంకజాక్షి. మాది కార్వేటినగరం. మొగలితిప్ప బళ్లో టీచర్ని. కారిపాకంలో అద్దెకుంటూ రోజూ స్కూటర్ మీద ఆ వంతెన దాటి బడికి పోతాను.

మొగలితిప్ప ఉప్పునీళ్ల సరస్సులో ఒక దీవి. వేరుశనగ చేలు, సరుగుడు తోటలు, ఈ మధ్య రొయ్యల గుంతలు. దీవికీ కారిపాకానికీ నడుమ ఒక పాయ ఉంది. జాలర్ల తెరచాప పడవలు రేవుకు పోవాలంటే ఆ పాయలోంచే పోవాలి. మామూలు వంతెన కడితే పడవ కొయ్యలు తగులుతాయి. కట్టకపోతే దీవివాళ్లకు దారి లేదు. అందుకని తిరిగే వంతెన కట్టారు. పాయ మధ్యలో గుండ్రటి పెద్ద స్తంభం, దాని మీద పొడవాటి ఇనుప వంతెన. ఇరుసుకు గడ తగిలించి ఒక మనిషి గానుగెద్దులాగా చుట్టూ తిరిగితే వంతెన మెల్లగా పక్కకు జరిగి పాయ వెంబడి నిలబడుతుంది. అప్పుడది ఏ ఒడ్డునూ తాకదు. పడవలు పోయాక ఆ మనిషే మళ్లీ తిరిగి రెండు ఒడ్లనూ కలుపుతాడు. ఆ ఎద్దు పని దామోదరానిది.

దామోదరం ఏర్పేడు దగ్గర సేద్యగాళ్ల ఇంట్లో పుట్టాడు. అన్నదమ్ముల్లో ఆఖరివాడు. తన వాటాకు వచ్చిన పొలం చెక్కలో బోరు ఎండిపోతే, వంతెన కట్టే కాంట్రాక్టరు వెంట కూలికి వచ్చాడు. వంతెన లేచింది, కాంట్రాక్టరు పోయాడు, కూలీలు పోయారు. తిప్పడానికి ఒకడుండాలి కదా అని ఇతన్ని ఉంచేశారు. పనిముట్లు పెట్టుకోమని స్తంభం దిమ్మె మీద ఒక రేకుల గది వేశారు. పనిముట్లు బయటికొచ్చాయి, కాపురం లోపలికి పోయింది. పెళ్లయిన కొత్తలో మోహన ఆ గదిలో అడుగుపెట్టింది. వాళ్ల జీవితమంతా పాయ నడుమే గడిచింది.

మోహనది మా కార్వేటినగరం పక్క పల్లె. ఆ చుట్టరికం చాలదా, మొదటి రోజే నన్ను "అక్కా" అనేసింది. వంతెన పడవలకు తిప్పి ఉన్నప్పుడు నేను ఒడ్డున ఎండలో నిలబడితే, అక్కడి నుంచే కేక వేసేది. "మా ఆయన దినమంతా నడస్తానే ఉంటాడక్కా, యాడికీ పోడు!" దామోదరం గడ నెట్టుకుంటూ సిగ్గుపడి నవ్వేవాడు. మొగుడు మాట్లాడని మాటలన్నీ ఆమే మాట్లాడేది.

వాళ్లకు ఒక ఆడపిల్ల పుట్టింది. మూడు నెలలు బతికింది. జ్వరం వచ్చి పోయింది. అప్పుడు దీవిలో రఘునాథ్ తండ్రి పెద్దమనిషి. ఆయన మాట కరుకు గానీ మనిషి మంచివాడంటారు. "పసిగుడ్డుకు పొలిమేరేందిరా, తీసుకురాండి" అని, సరుగుడు తోట వెనక ఊరి శ్మశానంలోనే పూడ్పించాడట. ఆ తర్వాత వాళ్లకు పిల్లలు కలగలేదు. మోహన వారానికోసారి దీవిలోకి పోయి ఆ మట్టి మీద చేయి పెట్టి వచ్చేది. పోయిన ఏడు ఆమెకు గుండె జబ్బని తిరుపతి పెద్దాసుపత్రిలో చెప్పినప్పుడు, వచ్చి నా పక్కన కూర్చుని ఒకే మాట అడిగింది.

"నన్ను ఆ బిడ్డ పక్కనే పెట్టమని మీ తమ్మునికి సెప్పక్కా. నేను సెప్తే ఏడస్తాడు."

తమ్ముడంటే దామోదరం. నేను చెప్పాను. ఏడవలేదు, తలూపాడు. "అంతకన్నా నేను దానికి ఏం ఇచ్చినానక్కా, ఇల్లా వాకిలా?" అన్నాడు.

ఇల్లు లేకపోవడానికి ఊళ్లకూ వాటా ఉంది. దీవిలో ఒక మూల గుడిసెకు జాగా అడగడానికి అతను రఘునాథ్ దగ్గరికి పోయిన రోజు నేను వాళ్ల అరుగు మీదే ఉన్నాను, పిల్లల బడి విషయమై. తండ్రి పోయాక పెద్దరికమూ రొయ్యల గుంతలూ రఘునాథ్‌కే వచ్చాయి. అతను నవ్వి, "నీకు ఊరెందుకప్పా, వంతెన ఉండాది గదా!" అన్నాడు. అరుగు మీదున్న వాళ్లంతా నవ్వారు. కారిపాకంలో పెద్ద మునిరత్నం. ఆయన దగ్గరికి పోతే, "నువ్వు తిప్పోడివి గదప్పా, ఆడనే అడుగు" అన్నాడు. దీవివాళ్లకు ఒడ్డువాడు, ఒడ్డువాళ్లకు దీవివాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు దామోదరమే గుర్తొచ్చేవాడు. పాఠంలో పేరు మాత్రం చెప్పలేదు.

అలాగని అతని అవసరం లేనివాళ్లు లేరు. కాన్పుకు పోయే బండి వస్తుందంటే, పడవలు ఎన్ని ఆగి ఉన్నా చేతులు జోడించి వాళ్లను ఆపి వంతెన కలిపేవాడు. పెళ్లి బస్సులకు, శనక్కాయల బండ్లకు, అమ్మవారి పల్లకికి, అన్నింటికీ అతనే తిరగాలి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య. కాకపోతే ఈ మల్లయ్యను రోజూ దాటాలి, రోజూ మరిచిపోవాలి. ఆ కళ రెండూళ్లకూ బాగా అబ్బింది.

మాసి నెలలో, అంటే శివరాత్రి వచ్చే రోజుల్లో, మొగలితిప్ప గంగమ్మకు జాతర. జాతరకు ముందు చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాడు బయట నిద్రపోకూడదు, బయటివాడు ఊళ్లో నిద్రపోకూడదు. ఊరి పంట పొలిమేర దాటకూడదు. శవం పొలిమేర లోపలికి రాకూడదు. ఇవి గంగమ్మ కట్టడులు. మా వైపు జాతరల్లో కూడా ఇలాంటివి ఉన్నాయి, నేను కాదనను. మొగలితిప్పకూ కారిపాకానికీ పొలిమేర సరిగ్గా పాయ నడుమ, అంటే దామోదరం గది ఉన్న చోటే.

చాటింపు పడిన మర్నాడు తెల్లవారుతుండగా మోహన చనిపోయింది.

నేను బడికి బయలుదేరి వచ్చేసరికి వంతెన రోడ్డుకు కలిపే ఉంది. గది ముందు మంచం మీద మోహన, పక్కన దామోదరం. గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, "పోయిందక్కా" అన్నాడు. అంతే. నేను స్కూటర్ ఆపి, కొంగు నడుముకు చుట్టి ఆమెకు స్నానం చేయించాను. పాయ నీళ్లు ఉప్పగా ఉంటాయని, వాళ్లు తాగడానికి దాచుకున్న బిందె నీళ్లతోనే చేయించాను. ఆమె మొహం ఏదో వేళాకోళం ఆడబోయి ఆగిపోయినట్టుంది. నాకు ఏడుపు ఆగలేదు.

దామోదరం దీవి ఒడ్డుకు పోయాడు. వంతెన చివర జాతర కోసం వేపమండలు కట్టిన అడ్డగడ వేసి ఉంది. దాని వెనక రఘునాథ్, గంగమ్మ పూజారి గోవిందయ్య, ఇంకా కొందరు నిలబడి ఉన్నారు. వార్త అప్పటికే పోయింది. నేను అతని వెనకే నడిచాను.

"అన్నా, నా పెండ్లాము పోయింది. బిడ్డ పక్కన పెట్టుకుంటా. రోంత జాగా సూపీండి" అన్నాడు దామోదరం.

"అయ్యో, ఎంత పని జరిగింది!" అన్నాడు రఘునాథ్. ఆ తర్వాత వెంటనే, "గానీ చాటింపు పడుండాది గదప్పా. శవం పొలిమేర దాటి లోపలికి రాకూడదు. నీకు తెల్దా?" అన్నాడు.

"నేను ఈ ఊరోణ్ణే గదన్నా. ఊళ్లో పోయిన మనిషిని ఊళ్లో పెట్టుకునేదానికి ఏముండాది?"

"ఊరోడివి ఎట్టయితావు? నీ గది యాడుండాది? పొలిమేర మీద. మీ ఆడమనిషి పోయింది యాడ? పొలిమేర మీదనే. మా లెక్కకు బయటే."

"పసిబిడ్డకు మీ నాయన జాగా ఇచ్చినాడు గదన్నా."

"మా నాయన మాటలు మా నాయనతోనే పోయినాయి."

నాకు ఒళ్లు మండింది. "రఘునాథ్ గారూ, మీ పిల్లకాయలిద్దరూ పుట్టేటప్పుడు వంతెన కలిపింది ఎవరు?" అన్నాను.

"టీచరమ్మా, నువ్వు పిల్లకాయలకు పాఠాలు సెప్పుకో. దేవతల పని మాకు వదిలెయ్" అన్నాడు.

దామోదరం కారిపాకం వైపు నడిచాడు. అక్కడ మునిరత్నం కండువా సర్దుకుంటూ రోడ్డు మీదికొచ్చాడు. ఆ ఊళ్లో జాతరా లేదు, చాటింపూ లేదు. అయినా మాట తయారుగా ఉంది. "బయటి శవాన్ని పొలిమేర దాటించి ఊళ్లోకి తెచ్చుకుంటే అరిష్టం గదప్పా. ఏర్పేడులో నీకు అన్నదమ్ములుండారు గదా, ఆడికి ఎత్తకపో. బండి మేము మాట్లాడతాంలే" అన్నాడు. బండి మాట్లాడడానికి ముందుకొచ్చిన ఆ పెద్దమనసు చూస్తే నాకు నవ్వొచ్చింది, ఏడుపు మధ్యలో.

"ఏర్పేడు దానికి తెలవనే తెలవదు పెద్దాయనా. దాని బిడ్డ ఈడుండాది" అన్నాడు దామోదరం.

మునిరత్నం ఆకాశం వైపు చూశాడు. జవాబు అక్కడ దొరుకుతుందన్నట్టు ఆయన చూస్తుండగానే మేం వెనక్కి తిరిగాం.

వంతెన నడుమకు వచ్చాక దామోదరం గది పక్కన ఆనించిన గడ తీసుకున్నాడు. పడవ వస్తున్నదేమో అనుకుని నేను పాయ వైపు చూశాను. పడవ లేదు. గడ ఇరుసుకు తగిలించి నడవడం మొదలుపెట్టాడు. ఇనుము కీచుమంది. నా కాళ్ల కింద వంతెన కదిలింది, దీవి ఒకవైపు జారింది, కారిపాకం ఇంకోవైపు జారింది. మోహన మంచం, నేను, నా స్కూటర్, అతను, అందరం నీళ్ల నడుమ నిలిచిపోయాం.

గడ తీసి ఒళ్లో పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. రెండు ఒడ్ల మీదా కలకలం మొదలైంది. "ఏందప్పా, యాడ పడవ? ఎందుకు తిప్పినావు?" అని దీవి నుంచి కేకలు.

దామోదరం లేచి నిలబడ్డాడు. అన్నేళ్లలో ఆ మనిషి గొంతు పెంచి మాట్లాడడం నేను వినలేదు. ఆ రోజు విన్నాను.

"నా పెండ్లాము ఏ ఊరిదీ గాకపోతే, ఈ వంతెన గూడా ఏ ఊరిదీ గాదు!"

రెండు ఒడ్ల మీదా తిట్లు మొదలయ్యాయి. ఆ తిట్లు నేనిక్కడ రాయను, వాళ్ల పిల్లలు నా దగ్గర చదువుతున్నారు. రఘునాథ్ వంతెన ఇంజనీరుకు ఫోన్ చేశాడు. ఇంజనీరు తిరుపతిలో ఉన్నాడట, మధ్యాహ్నానికి వస్తానన్నాడట. పోలీసులను పిలుస్తామన్నారు. పోలీసులు వచ్చినా కారిపాకం ఒడ్డున నిలబడి మాలాగే నీళ్లను చూడాల్సిందే. ఈలోగా ఒక జాలర్ల పడవ వచ్చింది. మంచాన్ని చూసి అందులోని ముగ్గురూ తెడ్లు పైకెత్తి, చేతులు జోడించి దాటిపోయారు. ఆ రోజు మోహనకు దండం పెట్టింది వాళ్లే.

ఎండ ఎక్కింది. అప్పుడు నాకు దీవి వైపు రోడ్డు మీద ఒక లారీ కనబడింది. రఘునాథ్ గుంతల్లో రొయ్యలు తెల్లవారుజామునే పట్టారు. ఐసు వేసి నింపారు. ఫ్యాక్టరీకి పోవాలి. లారీ కింది నుంచి ఐసు నీళ్లు కారి రోడ్డు తడుస్తున్నది. రఘునాథ్ ఒకసారి లారీ వైపు, ఒకసారి ఎండ వైపు, ఒకసారి మా వైపు చూస్తున్నాడు. ఇంజనీరు మధ్యాహ్నానికి గానీ రాడు. రొయ్యలు మధ్యాహ్నందాకా ఆగవు.

నేను ఆగలేకపోయాను. కేక వేసి అడిగాను. "రఘునాథ్ గారూ, చాటింపు పడినాక ఊరి పంట పొలిమేర దాటొచ్చునా?"

నీళ్ల మీదుగా జవాబు చక్కగా వినబడింది. "రొయ్యలు పంట గాదు టీచరమ్మా, యాపారం!"

ఆ మాట అన్నవాణ్ణి గంగమ్మ ఏమీ అనలేదు. జనమూ ఏమీ అనలేదు.

కాసేపటికి గోవిందయ్య పూజారి రఘునాథ్ చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడారు. తర్వాత గోవిందయ్య ఒడ్డు అంచుకు వచ్చి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"దామోదరా! శవం దాటితే గదప్పా తప్పు! జబ్బు మనిషి దాటితే తప్పు లేదు! మీ ఆడమనిషికి బాగలేదని తీసుకురా! దుప్పటి మెడదాకానే కప్పు, మొగం కప్పొద్దు! పూలేయొద్దు, పలక డప్పు కొట్టొద్దు! అడ్డగడ దాటేదాకా ఎవురూ ఏడవకూడదు! ఊళ్లోకి వచ్చినాక పోయిందనుకుందాం!"

నేను దామోదరం మొహంలోకి చూడలేకపోయాను. బతికున్నన్నాళ్లు ఊళ్లోకి రానివ్వని మనిషిని, చచ్చిపోయాక బతికున్నట్టు రమ్మంటున్నారు.

"అట్నేలే" అన్నాడు దామోదరం, నాతో చెప్పినట్టుగా. "ఏడ్సేది తర్వాత ఏడ్సుకుంటాలే అక్కా. దాన్ని ఆడికి సేర్చేది ముఖ్యం."

మోహన తలలో నేను పెట్టిన నాలుగు మల్లెపూలు తీసేశాను. మొహాన పసుపు తుడిచేశాను. దుప్పటి మెడదాకా లాగాను. ఆమె కళ్లు మూసి నిద్రపోతున్నట్టే ఉంది. ఆ అబద్ధం ఆడడానికి ఆమె మొహం కూడా వాళ్లకు సాయపడింది.

దామోదరం గడ తగిలించి నడిచాడు. వంతెన తిరిగి రెండు ఒడ్లనూ తాకింది. మంచం మోయడానికి కారిపాకం నుంచి నలుగురు కూలీలు వచ్చారు. మునిరత్నమే పంపాడట. పీడ అవతలికి పోతున్నదంటే ఎవరైనా భుజం పడతారు. వాళ్లు మంచం ఎత్తి అడుగు వేయబోతుంటే అవతలి నుంచి రఘునాథ్ చేయి ఊపాడు.

"ఆగండి! ముందు లారీ దాటనీ! ఇప్పటికే శానా లేటయింది!"

వంతెన మీద బరువు బండి పోతున్నప్పుడు ఇంకెవరూ ఉండకూడదు. దామోదరం వేలు చూపించి మంచాన్ని మళ్లీ గది దిమ్మె మీదికి దించమన్నాడు. తన భార్యను తానే పక్కకు తీయించి, తువ్వాలు ఊపి లారీని రమ్మన్నాడు. అడ్డగడ ఎత్తి దించారు, లారీ మా పక్క నుంచి పోయింది. ఐసు నీళ్లు వంతెన పొడుగునా కారాయి. నీచు వాసన మోహన దుప్పటికి కూడా అంటింది. నేను పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఏడవకూడదన్నారు కదా.

తర్వాత మంచం లేచింది. దామోదరం తల వైపు నడిచాడు, నేను కాళ్ల వైపు. వేపమండలు కట్టిన అడ్డగడ ముందు ఆగాం. అవతల ఊరంతా నిలబడి ఉంది. గోవిందయ్య కళ్లు మూసుకుని గంగమ్మకు ఏదో గొణిగి, రఘునాథ్‌కు సైగ చేశాడు. అమ్మవారికి వినబడేటట్టు ఊరి పెద్ద అడగాలి, వచ్చినవాడు చెప్పాలి. అప్పుడే అడ్డగడ ఎత్తుతారు.

రఘునాథ్ గొంతు సవరించుకుని గట్టిగా అడిగాడు. "ఎట్టుండాదప్పా మీ ఆడమనిషికి?"

దామోదరం వంగి తువ్వాలుతో ఆమె నుదురు తుడిచాడు, చెమట పట్టిన మనిషికి తుడిచినట్టు. తర్వాత తలెత్తి రఘునాథ్ కళ్లలోకి చూశాడు.

"మెలకువగానే ఉండాదన్నా. మీరు మాట్లాడేదంతా వింటా ఉండాది."

రఘునాథ్ తల దించుకుని పక్కకు తప్పుకున్నాడు. అడ్డగడ ఎత్తారు.